కనమన్నదీ వాళ్ళే... వద్దన్నదీ వాళ్ళే!

పొద్దున్నే కాఫీ గ్లాసు పక్కన పెట్టుకుని పేపరు మొదటి పేజీ నుంచి చివరి పేజీ దాకా పైకి చదవడం మా అత్తగారి అలవాటు. ఆవిడ చదువుతుంటే నేను వంటింట్లో పని చేసుకుంటూ వింటాను. మా ఇంట్లో రేడియో లేని లోటు అలా తీరుతుంది. 2024 నవంబరులో ఒకరోజు అలాగే చదువుతూ చదువుతూ ఆగిపోయారు. ఏమిటా అని తొంగి చూశాను. కళ్ళజోడు నుదుటి మీదకి తోసుకుని తనలో తనే నవ్వుకుంటున్నారు.

"అమ్మాయ్! ఇకనించీ ముగ్గురు పిల్లలున్నా పంచాయతీ ఎన్నికల్లో నిలబడొచ్చట. అసెంబ్లీలో బిల్లు పాసయింది. ఇద్దరికి మించి కంటే పనికిరారని ముప్పయ్యేళ్ళ కిందట పెట్టిన రూలు తీసేశారు. పిల్లలు తగ్గిపోతున్నారట. ఇంకా కనమంటున్నారు" అన్నారు.

"ఇందులో నవ్వడానికేముంది అత్తయ్యా?"

"నవ్వక ఏం చెయ్యమన్నావే? నాకు రెండోది పుట్టి నాలుగు నెలలు నిండకుండానే బళ్ళో క్యాంపు పెట్టి, బల్లల మీద వరసగా పడుకోబెట్టి ఆపరేషన్ చేసి పంపించారు. దేశానికి మంచిదన్నారు. నాకు మంచిదా కాదా అని అడిగినవాళ్ళు లేరు. ఇప్పుడేమో కనడం దేశానికి మంచిదంటున్నారు. ఈసారీ అడగరు చూస్తూ ఉండు!"

ఆవిడ మళ్ళీ కళ్ళజోడు దించుకుని సినిమా పేజీలోకి వెళ్ళిపోయారు. నాకు మాత్రం ఆ మాట రోజంతా చెవిలో గింగురుమంటూనే ఉంది. జనాభా అనగానే మన తరానికి గుర్తొచ్చేది ఎర్ర త్రికోణం, గోడల మీద 'ఇద్దరు ముద్దు'. జనం పెరిగిపోతున్నారన్న భయంలో పుట్టి పెరిగిన వాళ్ళం మనం. జనం తగ్గిపోతున్నారన్న భయం ఇదేదో కొత్తగా వచ్చిందనుకుంటాం. డిగ్రీలో చరిత్ర చదువుకున్నదాన్ని కనక ఆ పాత పుస్తకాలూ, లైబ్రరీ పుస్తకాలూ ముందేసుకుని కూర్చున్నాను. కూర్చుంటే తెలిసింది, ఆ భయం ఎంత ముసలిదో! రాజ్యాలు దాని చుట్టూ తిరిగాయి. ఆ తిరుగుడులో నలిగిందెవరో చెప్పాలంటే మాత్రం కొంచెం కథ చెప్పాలి.

పెళ్ళి కాని పెద్దమనుషులు

రోము చక్రవర్తి అగస్టస్ గారితో మొదలుపెడతాను. పెద్దింటి వాళ్ళు పెళ్ళిళ్ళు చేసుకోవడం లేదు, చేసుకున్నా పిల్లల్ని కనడం లేదు, ఇలా అయితే రోముకి దిక్కెవరని ఆయనకి బెంగ పట్టుకుంది. క్రీస్తుపూర్వం 18లో ఒక చట్టం, క్రీస్తుశకం 9లో ఇంకో చట్టం చేయించాడు. పెళ్ళి కానివాళ్ళకి బయటివాళ్ళు వీలునామాలో రాసిన ఆస్తి దక్కదు. పెళ్ళయి పిల్లలు లేకపోతే సగమే దక్కుతుంది. ముగ్గురు బిడ్డల్ని కన్న స్త్రీకి మాత్రం ఒక వరం... మగ సంరక్షకుడి అనుమతి లేకుండా తన వ్యవహారాలు తను చూసుకోవచ్చు. అంటే స్వేచ్ఛకి ధర ముగ్గురు పిల్లలన్నమాట!

తమాషా ఏమిటంటే ఆ రెండో చట్టానికి ఏ ఇద్దరు అధికారుల పేర్లు పెట్టారో, ఆ ఇద్దరికీ పెళ్ళీ లేదు, పిల్లలూ లేరు. చక్రవర్తి గారికి ఉన్నదీ ఒక్కగానొక్క కూతురే. రాజుగారి భార్య లివియాకి ఇద్దరే కొడుకులయినా 'ముగ్గురు పిల్లల తల్లి' హోదా ప్రత్యేకంగా ఇచ్చేశారు. ఈ చరిత్ర చదువుతున్నంతసేపూ నాకు కనిపించింది ఇదే. కనమని చెప్పేవాళ్ళ ఇంట్లో లెక్క ఎప్పుడూ వేరే.

తర్వాత కొన్ని వందల ఏళ్ళు దాటి 18వ శతాబ్దపు ఫ్రాన్సుకి రండి. 1721లో మాంటెస్క్యూ అనే మేధావి 'పర్షియన్ లేఖలు' అచ్చు వేయించాడు. పూర్వకాలంతో పోలిస్తే భూమ్మీద మనుషులు ఘోరంగా తగ్గిపోయారనీ, ఇలాగే పోతే కొన్ని శతాబ్దాలకి లోకం ఎడారి అవుతుందనీ అందులో వాదన. నిజానికి ఆ శతాబ్దమంతా చూస్తే ఫ్రాన్సు జనాభా పెరిగిందే కానీ తగ్గలేదు. లెక్కలు లేని రోజులు కదా, భయమే లెక్క! కానీ ఆ భయంలోంచి ఒక రాజకీయ సిద్ధాంతం పుట్టింది. రాజు మంచివాడా చెడ్డవాడా తేల్చడానికి జనం పెరుగుతున్నారా తరుగుతున్నారా చూడమన్నారు. రూసో 1762లో రాసిన 'సామాజిక ఒడంబడిక'లో, ఏ పాలనలో జనం ఎక్కువగా వృద్ధి చెందుతారో అదే ఉత్తమ పాలన అని తేల్చేశాడు. డిగ్రీలో ఈ పుస్తకం మీద వ్యాసరూప ప్రశ్న రాసి మంచి మార్కులే తెచ్చుకున్నాను. రూసో తనకి పుట్టిన అయిదుగురు పిల్లల్నీ అనాథాశ్రమంలో వదిలేశాడన్న సంగతి మాత్రం మా మాస్టారు చెప్పలేదు. ఆ పిల్లల తల్లి థెరీస్ ఏడ్చి మొత్తుకున్నా వినలేదని ఆయనే తన ఆత్మకథలో ఒప్పుకున్నాడు.

పొలం ముక్కలవుతుందని...

అసలు కథ ఇక్కడినించి. 1800 నాటికి పశ్చిమ ఐరోపాలో అందరికన్నా ఎక్కువ జనం ఉన్న దేశం ఫ్రాన్సు. అలాంటి దేశంలో పల్లెటూరి ఆడామగా, ఎవరూ చెప్పకుండానే, మాత్రలూ ఆపరేషన్లూ లేని రోజుల్లోనే, పిల్లల్ని తగ్గించుకోవడం మొదలుపెట్టారు. ఎందుకనేదానికి చరిత్రకారులు చాలా కారణాలు చెబుతారు. అందులో నాకు బాగా అర్థమయింది ఒకటి. 1804లో నెపోలియన్ పేరున వచ్చిన చట్టం ప్రకారం ఆస్తి పిల్లలందరికీ సమానంగా పంచాలి. నలుగురుంటే ఉన్న నాలుగెకరాలూ నాలుగు ముక్కలు. గట్లు వేసుకోవడానికే సగం భూమి పోతుంది. ఈ బాధ కృష్ణా గుంటూరు జిల్లాల్లో పుట్టినవాళ్ళకి ఒకళ్ళు చెప్పాలా?

19వ శతాబ్దం చివర్లో ఆర్సెన్ డ్యూమాన్ అనే ఆయన దీన్నే ఇంకో రకంగా చెప్పాడు. దీపంలో వత్తి నూనెని పైకి పీల్చుకుంటుంది కదా, అలాగే ప్రజాస్వామ్యంలో ప్రతి మనిషీ పైమెట్టుకి ఎక్కాలని చూస్తాడు. ఎక్కాలంటే బరువు తక్కువుండాలి. అందుకే పిల్లలు తక్కువ. మా పిల్లల కాన్వెంటు ఫీజు కట్టిన రోజున నాకీ డ్యూమాన్ గారు గుర్తొస్తూ ఉంటాడు.

ఇదంతా ఇళ్ళల్లో నిశ్శబ్దంగా జరిగిపోతున్న వ్యవహారం. 1870లో ప్రష్యాతో యుద్ధం వచ్చి, ఫ్రాన్సు ఓడిపోయి, ఆల్సేస్, లొరేన్‌లలో చాలా భాగం పోగొట్టుకున్నాక అది రచ్చకెక్కింది. ఎందుకు ఓడిపోయాం? మనవాళ్ళు తక్కువ, వాళ్ళు ఎక్కువ! 1871లో ఫ్రాన్సు జనం సుమారు 3.6 కోట్లు, కొత్తగా ఏర్పడ్డ జర్మనీ 4.1 కోట్లు. 1911కి వచ్చేసరికి ఫ్రాన్సు 3.9 కోట్ల దగ్గరే కూర్చుంటే జర్మనీ 6.5 కోట్లకి పోయింది. 1890, 91, 92, 95 సంవత్సరాల్లో ఫ్రాన్సులో పుట్టినవాళ్ళకన్నా చచ్చిపోయినవాళ్ళే ఎక్కువ. ఇక చూడండి, పార్లమెంటులో, పత్రికల్లో, చర్చిల్లో, నవలల్లో ఒకటే గోల. ఉయ్యాలలో ఉన్న ప్రతి పసివాడిలో వాళ్ళకి ఒక సిపాయి కనపడటం మొదలుపెట్టాడు.

పారిస్ నగరపు లెక్కల శాఖ అధిపతి డాక్టర్ జాక్ బెర్తియాఁ 1896లో జనాభా పెంపు కోసం ఒక జాతీయ సంఘం స్థాపించాడు. పన్ను కట్టడం, సైన్యంలో పనిచెయ్యడం ఎలాగో పిల్లల్ని పెంచడమూ అలాగే దేశానికి తీర్చాల్సిన బాకీ అన్నది ఆ సంఘం వాదన. రాజకీయాల్లో ఉప్పూ నిప్పూలా ఉండేవాళ్ళు కూడా ఈ ఒక్క విషయంలో ఒకే గొంతు అయ్యారు. మతాన్ని నమ్మేవాళ్ళూ అంతే, నమ్మనివాళ్ళూ అంతే. అన్యాయం జరిగిన ద్రేఫస్ పక్షాన నిలబడి దేశం విడిచి వెళ్ళిన మహా రచయిత ఎమిల్ జోలా కూడా ఆ ప్రవాసంలోనే 'ఫెకొండిటే' అనే నవల రాసి 1899లో ప్రచురించాడు. అందులో ఆదర్శ దంపతులకి పన్నెండుమంది పిల్లలు. పన్నెండు కాన్పుల తల్లి నవల చివరిదాకా చెక్కుచెదరని ఆరోగ్యంతో కళకళలాడుతూ ఉంటుంది. నేనూ కథలు రాసుకునేదాన్నే కనక రచయితకి ఆమాత్రం స్వేచ్ఛ ఉంటుందని ఒప్పుకుంటాను. కానీ ఆ పాత్రని ఒక్క రాత్రయినా చంటిపిల్ల ఏడుపుకి నిద్ర లేకుండా కూచోబెట్టి ఉంటే బాగుండేది.

ఎదురుమాట చెప్పినవాళ్ళూ ఉన్నారు. నెల్లీ రూసెల్ అని ఒకావిడ, తనూ పిల్లల తల్లే, ఒక బిడ్డని పోగొట్టుకున్న తల్లి కూడా. ఊరూరా తిరిగి సభల్లో మాట్లాడేది. నొప్పులు పడేది మేము, చచ్చేది మేము, ఎప్పుడు కనాలో ఎంతమందిని కనాలో మేమే చెప్పాలి అన్నది ఆవిడ ప్రసంగాల సారం. అవసరమైతే 'గర్భాల సమ్మె' చెయ్యాలన్న మాట కూడా ఆ రోజుల్లోనే పుట్టింది. మిల్లు కార్మికులు మగ్గం ఆపేసినట్టు ఆడవాళ్ళు కనడం ఆపేస్తామన్నారన్నమాట. ఎంత ధైర్యం!

పతకం ఒక చేత్తో... బేడీలు ఇంకో చేత్తో

మొదటి ప్రపంచ యుద్ధంలో ఫ్రాన్సు సుమారు 14 లక్షలమంది సైనికుల్ని పోగొట్టుకుంది. మగవాళ్ళు లేని నాలుగేళ్ళూ పొలాలూ, ఫిరంగిగుళ్ళ ఫ్యాక్టరీలూ నడిపింది ఆడవాళ్ళు. ఆ కృతజ్ఞతతో 1919 మేలో దిగువసభ స్త్రీలకి ఓటు హక్కు ఇవ్వాలని 344 ఓట్లతో తీర్మానించింది. వ్యతిరేకించినవాళ్ళు 97 మందే. ఆ బిల్లు సెనేటుకి వెళ్ళింది. సెనేటు దాన్ని మూడేళ్ళు నాన్చి 1922లో తోసిపారేసింది.

ఓటు రాలేదు గానీ పతకాలు వచ్చాయి. 1920 మేలో 'ఫ్రెంచి కుటుంబ పతకం' ప్రవేశపెట్టారు. అయిదుగురు పిల్లల్ని పెంచిన తల్లికి కంచు, ఎనిమిదిమందికి వెండి, పదిమందికి బంగారు పతకం. రెండు నెలలు దాటగానే, జులై 31న, చట్టం వచ్చింది. పిల్లలు పుట్టకుండా ఏం జాగ్రత్తలు తీసుకోవచ్చో చెప్పడం, రాయడం, అమ్మడం నేరం. గర్భస్రావం మంచిదని మాట్లాడినా జైలే. ఆ పార్లమెంటులో ఒక్క ఆడమనిషి లేదు. వాళ్ళని ఎన్నుకున్న ఓటర్లలోనూ ఒక్క ఆడమనిషి లేదు.

ముప్పై దాటిన బ్రహ్మచారుల మీద ఆదాయపు పన్నులో అదనపు వడ్డింపూ, పెళ్ళయి రెండేళ్ళయినా పిల్లలు లేని జంటల మీద ఇంకాస్త తక్కువ వడ్డింపూ ఆ ఏడాదే వచ్చాయి. ఇంకో విచిత్రమైన ఆలోచన కూడా చాలాకాలం నలిగింది. దాని పేరు 'కుటుంబ ఓటు'. ఎంతమంది పిల్లలుంటే తండ్రికి అన్ని అదనపు ఓట్లివ్వాలని కొందరి ప్రతిపాదన. ఆరుగుర్ని కన్నది తల్లి, ఆరు ఓట్లూ తండ్రివి! అదృష్టవశాత్తూ అది చట్టం కాలేదు.

గర్భస్రావం కేసులు జ్యూరీల ముందుకి వస్తే, ఆ జ్యూరీల్లో ఉండేవాళ్ళూ సంసారులే కదా, చాలాసార్లు జాలిపడి వదిలేసేవాళ్ళు. అందుకని 1923లో ఆ కేసుల్ని జ్యూరీ నుంచి తప్పించి జడ్జిలకి అప్పగించారు. శిక్షాకాలం తగ్గించారు, శిక్ష మాత్రం ఖాయం చేశారు. ఈ తెలివి చూసి నేను కాసేపు పుస్తకం మూసేశాను.

మరి ఇంత చేస్తే పిల్లలు పెరిగారా? లేదు. 1935 నుంచి ఫ్రాన్సులో మళ్ళీ పుట్టుకలకన్నా చావులే ఎక్కువ. ఏదైనా కలిసొచ్చిందంటే అది అనుకోని దారిలో వచ్చింది. ఫ్రెంచి స్త్రీ విదేశీయుణ్ణి పెళ్ళాడితే అంతకుముందు తన పౌరసత్వం పోగొట్టుకునేది. ఇటలీ నించీ పోలండు నించీ కూలికొచ్చిన మగవాళ్ళని పెళ్ళాడిన ఆడవాళ్ళ పిల్లలు ఫ్రాన్సు లెక్కలోంచి పోతున్నారని గ్రహించి, 1927లో ఆ రూలు మార్చి ఆమె పౌరసత్వం ఆమెకుంచారు. హక్కు మంచిదే. ఆమె కోసం ఇచ్చింది మాత్రం కాదు.

ఇద్దరు స్త్రీల సంగతి చెప్పకుండా ముందుకి పోలేను. ఒకరు డాక్టర్ మదలెన్ పెల్తియే. పేద ఇంట్లో పుట్టి, పట్టుదలగా వైద్యం చదివి, స్త్రీకి ఓటు కావాలనీ, గర్భం ఉంచుకోవాలో వద్దో తేల్చుకునే హక్కు స్త్రీదేననీ ఇరవయ్యో శతాబ్దం మొదట్లోనే రాసింది. పక్షవాతం వచ్చి మంచాన పడ్డ ఆవిడమీద 1939లో గర్భస్రావాల కేసు పెట్టారు. జైలుకి బదులు పిచ్చాసుపత్రికి పంపించారు. ఆ ఏడాది డిసెంబరులో అక్కడే పోయింది.

రెండో ఆవిడ షెర్‌బూర్ పట్నంలో బట్టలుతికి బతికే మరీ-లూయీజ్ జిరో. 1940లో జర్మనీ చేతిలో ఫ్రాన్సు కుప్పకూలింది. గద్దెనెక్కిన ముసలి మార్షల్ పెతాఁ, ఓటమికి చెప్పిన కారణాల్లో మొదటిది పిల్లలు తక్కువ కావడం. అంటే యుద్ధం ఓడింది సేనాధిపతులు కాదు, కనని తల్లులు! 1942 ఫిబ్రవరిలో ఆయన ప్రభుత్వం గర్భస్రావాన్ని దేశద్రోహంతో సమానమైన నేరం చేసింది. 27 మందికి గర్భస్రావం చేసిందని రుజువై, 1943 జులై 30న పారిస్‌లో జిరోని గిలెటిన్ కింద పెట్టి తల తీశారు. ఆవిడ దేవతేమీ కాదు, డబ్బు తీసుకునే చేసింది. ఆమె చేతిలో ఒకామె ప్రాణం కూడా పోయిందన్నారు. అయినా ఒక చాకిరీ మనిషి మెడమీద ఒక దేశం ఓటమి భారమంతా పెట్టడం న్యాయమా? 1988లో క్లోద్ షాబ్రోల్ ఈ కథ ఆధారంగా సినిమా తీశాడు.

ఇదేదో ఒక్క ఫ్రాన్సు పిచ్చి అనుకోకండి. ముస్సోలినీ 1927లో ఇటలీ బ్రహ్మచారుల మీద పన్ను వేశాడు. హిట్లర్ నలుగురు పిల్లల తల్లి నుంచి మొదలుపెట్టి శిలువ పతకాలిచ్చాడు, అదీ 'తన జాతి' తల్లులకే. తక్కినవాళ్ళని ఏం చేశాడో లోకానికి తెలుసు. స్టాలిన్ 1936లో గర్భస్రావాన్ని నిషేధించి, 1944లో పదిమందిని కన్నవారికి 'వీరమాత' బిరుదు పెట్టాడు. అందరికన్నా ఘోరం రుమేనియా. 1966లో చౌషెస్కూ ఒక్క కలంపోటుతో గర్భస్రావాన్ని దాదాపుగా నిషేధించాడు. మరుసటి ఏడు పుట్టిన పిల్లలు 2.7 లక్షల నుంచి 5.3 లక్షలకి ఎగబాకారు. ఆ తర్వాత ఆడవాళ్ళు దొంగదారులు వెతుక్కున్నారు, అంకె మళ్ళీ జారిపోయింది. ఫ్యాక్టరీల్లో ఆడవాళ్ళకి గర్భం వచ్చిందేమోనని పరీక్షలు పెట్టేదాకా వెళ్ళింది వ్యవహారం. నాటుపద్ధతుల్లో వేలమంది తల్లులు చచ్చిపోయారు. 1989 డిసెంబరులో చౌషెస్కూ కూలిపోయాక, కొత్త ప్రభుత్వం మొట్టమొదట రద్దు చేసిన వాటిల్లో ఈ చట్టం ఒకటి. అప్పటికి ఆ దేశపు అనాథాశ్రమాల్లో లక్షకి పైగా పిల్లలున్నారు. చాలామందికి తల్లిదండ్రులు బతికే ఉన్నారు.

ఏ మాటకామాటే

అలాగని ఆ భయంలోంచి మంచేమీ రాలేదంటే అబద్ధమవుతుంది. స్వీడన్లో 1934లో ఆల్వా మిర్డాల్, ఆమె భర్త గున్నార్ కలిసి జనాభా సంక్షోభం మీద ఒక పుస్తకం రాశారు. వాళ్ళూ జనం తగ్గిపోతున్నారనే భయపడ్డారు. కానీ అడిగిన ప్రశ్న వేరు. పిల్లలు కావాలని ఉన్నా ఎందుకు కనలేకపోతున్నారు? ఇల్లు చాలదు, జీతం చాలదు, కడుపుతో ఉంటే ఉద్యోగం పోతుంది. ఆ ప్రశ్న ఫలితంగా 1938లో గర్భనిరోధక సాధనాల మీద ఉన్న ఆంక్షలు ఎత్తేశారు. జనం కావాలంటూనే ఎత్తేశారు చూశారా! 1939లో పెళ్ళయిందనో కాన్పయిందనో ఆడవాళ్ళని ఉద్యోగంలోంచి తీసెయ్యడం చట్టవిరుద్ధమయింది. ఆ ఆల్వాకే 1982లో నోబెల్ శాంతి బహుమతి వచ్చింది. ఆ స్వీడన్‌కీ ఒక చీకటి కోణం ఉంది. 1934లోనే వచ్చిన ఇంకో చట్టం కింద, తర్వాతి నలభై ఏళ్ళలో సుమారు 63 వేలమందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. ఎక్కువమంది స్త్రీలే. 'మంచి' పిల్లలు కావాలి, 'పనికిరాని' వాళ్ళు కనకూడదు అన్న లెక్క అక్కడా నడిచింది. మిర్డాల్ దంపతులు కూడా ఆ లెక్కకి అడ్డు చెప్పలేదు. ఇది చదివాక ఆవిడ మీద నా గౌరవం సగమైంది. మిగిలిన సగం మాత్రం పోలేదు.

ఫ్రాన్సులోనూ అంతే. 1932లో మొదలై 1946కల్లా విస్తరించిన కుటుంబ భత్యాలు, పిల్లల బడులు, కాన్పు సెలవులు ఇవన్నీ ఆ భయం పెట్టిన భిక్షే. స్త్రీలు మొదటిసారి ఓటు వేసింది 1945 ఏప్రిల్‌లో. 1946 నుంచి పాతికేళ్ళకి పైగా ఏడాదికి 8 లక్షలకి తగ్గకుండా పిల్లలు పుట్టారు. బేడీలున్న రోజుల్లో రాని పిల్లలు, చేతిలో నాలుగు డబ్బులూ, రేపటి మీద నమ్మకమూ ఉన్న రోజుల్లో వచ్చారు. 1920 నాటి చట్టం ఇంకా పుస్తకాల్లో ఉందనుకోండి, దాన్ని గర్భనిరోధం విషయంలో 1967లోనూ, గర్భస్రావం విషయంలో 1975లోనూ సడలించారు. 2024 మార్చిలో గర్భస్రావం స్వేచ్ఛని రాజ్యాంగంలోనే చేర్చారు. అదే 2024 జనవరిలో ఆ దేశాధ్యక్షుడు మక్రాన్ పిల్లలు తగ్గారని చెబుతూ వాడిన మాటేమిటో తెలుసా? జనాభాలో 'పునరాయుధీకరణ' అట! నూట యాభై ఏళ్ళయినా ఉయ్యాలలో సిపాయి లేచి కూర్చునే ఉన్నాడు.

ఇక మన ఇంటికొస్తే, మన భయం సిపాయిల గురించి కాదు, సీట్ల గురించి. లోక్‌సభలో ఏ రాష్ట్రానికెన్ని సీట్లో జనాభాని బట్టి ఉండాలి. 1976లో 42వ రాజ్యాంగ సవరణ ఆ లెక్కని 1971 జనాభా దగ్గర ఆపేసింది, కుటుంబ నియంత్రణ పాటించిన రాష్ట్రాలు నష్టపోకూడదని. 84వ సవరణ దాన్ని 2026 తర్వాతి మొదటి జనగణన దాకా పొడిగించింది. ఈలోగా 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఆంధ్రప్రదేశ్‌లో స్త్రీకి సగటున 1.7 మంది పిల్లలు, తెలంగాణలో 1.8 అని తేలింది. జనం తగ్గకుండా ఉండాలంటే 2.1 కావాలి. మాట విన్నందుకు సీట్లు తగ్గితే అది అన్యాయమే, అందులో నాకు సందేహం లేదు. ముసలివాళ్ళు పెరిగి సంపాదించేవాళ్ళు తగ్గుతారన్న బెంగా ఉత్తదేం కాదు. 2025 మార్చిలో మహిళా దినోత్సవం నాడు ఎంతోమంది పిల్లలయినా సరే ఉద్యోగినులకి ప్రసూతి సెలవు ఇస్తామన్నారు, అదీ బాగుంది. ఆ రోజుల్లోనే ఒక ఎంపీ గారు మూడో కాన్పులో ఆడపిల్ల పుడితే యాభైవేలు బ్యాంకులో వేస్తానని, మగపిల్లాడైతే ఆవునిస్తానని ప్రకటించారు. ఫ్రాన్సు వాళ్ళు పతకమే ఇచ్చారు, మనం ఆవుని ఇస్తాం.

అదే సర్వేలో ఇంకో అంకె ఉంది. ఆంధ్రప్రదేశ్‌లో పెళ్ళయిన ఆడవాళ్ళలో నూటికి దాదాపు డెబ్భైమంది ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళు. మగవాళ్ళు నూటికి ఒక్కరు కూడా లేరు. పాతికేళ్ళకే రెండో కాన్పుతో పాటు ఆపరేషన్ అయిపోయిన నేనూ ఆ డెబ్భైమందిలో ఒకదాన్నే. ఏ ప్రభుత్వం ఎంత చక్కగా బతిమాలినా మేం చెయ్యగలిగిందేం లేదు. అడగాల్సింది మా అమ్మాయిల్ని.

మా అత్తగారు ఆ వార్త చదివిన సాయంత్రమే మావారి పిన్నిగారు పల్లెటూరి నుంచి ఫోన్ చేశారు. ఆవిడకి ఇద్దరు కొడుకుల తర్వాత 2000లో ఆడపిల్ల పుట్టింది. 2001లో పంచాయతీ ఎన్నికలొచ్చాయి. బాబాయిగారికి సర్పంచిగా నిలబడాలని కోరిక. 1994 పంచాయతీరాజ్ చట్టం ప్రకారం 1995 మే తర్వాత మూడో బిడ్డ పుట్టినవాళ్ళు పోటీకి అనర్హులు. ఇంట్లో పెద్దలు కూచుని ఆలోచించారు. పిల్లల్లేని బాబాయిగారి చెల్లెలు ఉన్నారు. ఏడాది నిండని పిల్లని ఆవిడ ఒళ్ళో పెట్టారు. కాగితాల్లో కూడా ఆవిడకే పుట్టినట్టు రాయించారు. బాబాయిగారు నిలబడ్డారు, ఓడిపోయారు. కాగితం మాత్రం అలాగే ఉండిపోయింది.

ఆ పిల్ల కన్నతల్లిని "అత్తా" అంటుంది. సొంత అన్నలిద్దరూ వరసకి బావలయ్యారు. ఊళ్ళో తెలియనివాళ్ళెవరూ లేరు కనక పరవాలేదు గానీ, బయటి ఊళ్ళో ఎవరైనా వరసలు కలిపి పరాచికాలాడితే పిన్నిగారు లేచి లోపలికి వెళ్ళిపోయేవారు. 2022లో ఆ అమ్మాయి పెళ్ళయింది. పీటల మీద కూచుని కన్యాదానం చేసింది కాగితంలో ఉన్న తల్లిదండ్రులు. శుభలేఖలోనూ వాళ్ళ పేర్లే. పిన్నిగారు మేనత్త హోదాలో కాళ్ళకి పసుపు రాసి, వంటవాళ్ళ దగ్గర అజమాయిషీ చేస్తూ గడిపేశారు. ఆ రోజు ఆవిడ కళ్ళల్లోకి చూడ్డానికి నాకు ధైర్యం చాలలేదు.

ఫోన్లో కాసేపు కుశలప్రశ్నలయ్యాక గొంతు తగ్గించి అడిగారు.

"ఏమే అమ్మాయ్, ఇప్పుడు ముగ్గురున్నా తప్పులేదంటగా?"

"అవును పిన్నిగారూ, తీసేశారు."

"మరి... మన పిల్ల కాగితాల్లో తల్లి పేరు మారుస్తారంటావా? సీటూ గీటూ ఎవరికి కావాలే. ఆ ఒక్క గడిలో నా పేరు రాస్తే చాలు. చదువుకున్నదానివి, ఏ ఆఫీసులో అడగాలో కాస్త కనుక్కో."

సరేనన్నాను. ఇప్పటికి మూడు ఆఫీసులు తిరిగాను. మూడో చోట గుమాస్తా, పుట్టినప్పుడు ఆసుపత్రివాళ్ళిచ్చిన చీటీ ఏమైనా ఉంటే తెమ్మన్నాడు. పిన్నిగారు ట్రంకుపెట్టె వెతుకుతున్నారు.